రాయడం రాక కాదు: ఒక మత సేవాసంస్థ సమాచార విభాగంతో పద్నాలుగు నెలలు

మత సంస్థల్లో ప్రెస్‌నోట్లు, పత్రికలు, ఫొటోలు, సోషల్ మీడియా చూసుకునేవాళ్లకు శిక్షణ ఇవ్వడం నా పని. ఈ కేసులో మొదటి ఐదు నెలలు నేను లేని రోగానికి మందు వేశాను. అసలు రోగం తెలిశాక కూడా దాన్ని చెప్పిన తీరు వల్ల ఒకావిడ ఉద్యోగం మీదికి తెచ్చాను. ఇదే పనిలో ఉన్నవాళ్లకు పనికొస్తుందని రాస్తున్నాను. సంస్థ పేరు, మతం, ఊరు చెప్పను. మనుషుల హోదాలు, కొన్ని సందర్భాలు మార్చాను. ఉదాహరణగా ఇచ్చిన వాక్యాల్లో మతాన్ని పట్టిచ్చే మాటలు తీసేసి, ఏ మతంవాళ్లయినా వాడే మాటలు పెట్టాను.

నేపథ్యం

సంస్థ పాతది. బడులు నడుపుతుంది, ఒక ఆసుపత్రి ఉంది, వరదలూ తుఫాన్లూ వస్తే సరుకులు పంచుతుంది. నడిపేవాళ్లంతా ఒకే విశ్వాసం వాళ్లు. సేవ పొందేవాళ్లలో అన్ని మతాలవాళ్లూ ఉంటారు. సమాచారం పని ముగ్గురు చూస్తారు. విభాగం బాధ్యత ఒక మేడమ్‌ది. సంస్థ బడిలోనే టీచర్‌గా చేస్తుంటే, భాష బాగుంటుందని ఇటు మార్చారు. రెండో ఆయన ఒక పత్రిక డెస్క్ మీద చాలాకాలం పనిచేసి వచ్చారు. మూడో అతను ఫొటోలు, వీడియోలు తీసే కుర్రాడు. వాలంటీరుగా వచ్చి ఉండిపోయాడు.

వాళ్ల గది తలుపు మీద 'ప్రచార విభాగం' అని బోర్డు ఉంది. మొదటి రోజు దాన్ని చూసి కూడా నేను ఏమీ అనుకోలేదు. ప్రచారం అనే మాట మనకి రెండు పనులు చేస్తుంది. ఎన్నికల ప్రచారం, సినిమా ప్రచారం అంటే పబ్లిసిటీ. మతం దగ్గరికొస్తే ప్రచారం అంటే బోధ. ఆ గదిలో ఉన్న ముగ్గురూ మొదటి అర్థంలో పనిచేస్తున్నారు. సంస్థ పెద్దలు రెండో అర్థంలో వాళ్ల పనిని చూస్తున్నారు. బయటివాళ్లకి ఆ బోర్డు చూస్తే మూడో అర్థం, అంటే అనుమానం, పుట్టేది. ఇది నాకు అర్థమయ్యేసరికి ఏడు నెలలు గడిచాయి.

సంస్థ కార్యదర్శి ఫోన్ చేసి అన్న మాట ఇది: "మావాళ్లకి రాయడం రాదండీ. రెండ్రోజులు వచ్చి నేర్పి వెళ్లండి."

వచ్చిన సమస్య

ఆయన చెప్పిన లెక్కలో ఇబ్బందులు మూడు. పంపిన ప్రెస్‌నోట్ ఏదీ పేపర్లో రావడం లేదు, వచ్చినా రెండు లైన్లు. దాతలకు పంపే పత్రిక ఎవరూ చదవడం లేదు. మూడోది ఫోన్ చేయడానికి అసలు కారణం. ఒక వరద సమయంలో సరుకులు అందుకుంటున్న ఒక స్త్రీ ఫొటో బయటికెళ్లింది. ఆమెది వేరే మతం. ఫొటో కింద, సంస్థ పెద్దల కరుణతో ఆమె కొత్త జీవితం మొదలైందన్న అర్థం వచ్చేలా ఒక వాక్యం ఉంది. ఆమె బంధువులు గొడవ చేశారు. సహాయం పేరు చెప్పి మతం మారుస్తున్నారని ఊరంతా పాకింది. సంస్థ మూడు రోజులు నోరు విప్పలేదు. విప్పేసరికి విలేకరులు ఫోన్ చేయడం మానేశారు.

మావాళ్లకి రాయడం రాదు అన్న నిర్ధారణ ఆయనది. నేను దాన్ని అలాగే తీసుకున్నాను. తలనొప్పని వచ్చినవాళ్లని నొప్పి ఎక్కడో అడక్కుండా బిళ్ల ఇచ్చినట్టే. ఎందుకు తీసుకున్నానంటే, రాయడం నేర్పడం నాకు బాగా వచ్చిన పని.

మొదట చేసినవి

రెండు రోజుల వర్క్‌షాప్ పెట్టాను. ఇంట్రో ఎలా రాయాలి, ముఖ్యమైనది ముందు చెప్పి మిగతాది కిందికి దించే తలకిందుల పిరమిడ్, శీర్షికలు, ఫోన్‌తో వీడియో. ముగ్గురూ హుషారుగా చేశారు. చివర్లో ఇచ్చిన ఫారాల్లో అందరూ చాలా బాగుందని రాశారు. కార్యదర్శికి ఆ ఫారాలే చూపించి వచ్చాను.

శిక్షణ పనిచేసిందో లేదో చూడటానికి అమెరికన్ ప్రొఫెసర్ డొనాల్డ్ కర్క్‌పాట్రిక్ 1959 నుంచి రాసిన వ్యాసాల్లో నాలుగు మెట్లు చెప్పాడు. నచ్చిందా, నేర్చుకున్నారా, పనిలో వాడుతున్నారా, ఫలితం ఏమైనా మారిందా. శిక్షకులందరికీ కంఠతా వచ్చిన విషయమే. అయినా చాలామందిమి మొదటి మెట్టు మీదే ఫొటో దిగి ఇంటికొస్తాం. నేనూ అదే చేశాను. ఆరు వారాల తర్వాత వాళ్లు పంపిన ప్రెస్‌నోట్లు తెప్పించుకుని చూస్తే, వర్క్‌షాప్‌కి ముందువాటికీ తర్వాతవాటికీ అక్షరం తేడా లేదు.

అప్పుడైనా ఆగి ఆలోచించాల్సింది. రెండు రోజులు చాలలేదేమో, పక్కన కూర్చుని నేర్పేవాళ్లు కావాలేమో అనుకున్నాను. నాకు తెలిసిన ఒక రిటైరైన సబ్‌ఎడిటర్‌ని వారానికి ఒకరోజు వెళ్లమన్నాను. ఈ నిర్ణయం వెనుక నా తర్కం తప్పేం కాదు. రాత నైపుణ్యం ఒక్కసారి విని వచ్చేది కాదు, సరిదిద్దించుకుంటూ చేయాల్సిందే. కాకపోతే ఆ తర్కం నైపుణ్యం లేనివాళ్లకి వర్తిస్తుంది.

ఫలితం ఏమైందంటే ఆ ముగ్గురికీ ఇద్దరు యజమానులయ్యారు. సబ్‌ఎడిటర్ కొట్టేసిన మాటల్ని పెద్దలు తిరిగి రాయించేవారు. పెద్దలు రాయించినవాటిని ఆయన వచ్చేవారం మళ్లీ కొట్టేసేవారు. డెస్క్ నుంచి వచ్చినాయన మౌనంగా ఉండటం నేర్చుకున్నారు. ఫొటోల కుర్రాడు ఫొటోలు తీస్తున్నాడు కానీ ఇవ్వడం మానేశాడు. అడిగితే "కార్డులో ఉన్నాయి సార్" అనేవాడు.

డ్రాఫ్టులు చెప్పిన సంగతి

ఐదో నెలలో ఒక మధ్యాహ్నం మేడమ్ కంప్యూటర్ ముందు కూర్చుని ఒక పాత నోట్ వెతుకుతున్నారు. ఫోల్డర్‌లో ఒకే కార్యక్రమానికి ఎనిమిది ఫైళ్లున్నాయి. ఫైనల్, ఫైనల్ 2, ఫైనల్ ఫైనల్, కార్యదర్శి సార్ చూసింది, పెద్దాయన చూసింది. ఎనిమిదోదాని పేరు 'ఇంక మార్చొద్దు'.

మొదటిది తెరవమన్నాను. కంటి పరీక్షల శిబిరం గురించి ఆమె మొదట రాసింది ఇంతే:

"వచ్చే శనివారం ఉదయం 9 నుంచి సాయంత్రం 4 వరకు మా ఆసుపత్రిలో ఉచితంగా కంటి పరీక్షలు చేస్తారు. ఎవరైనా రావచ్చు. పాత మందుల చీటీ ఉంటే వెంట తెచ్చుకోండి."

పత్రికలకు వెళ్లింది ఇది:

"దైవం చూపిన అపారమైన కృపతో, పూజ్యులైన పెద్దల దివ్య ఆశీస్సులతో, సంస్థ గౌరవ అధ్యక్షులు, ఉపాధ్యక్షులు, కార్యదర్శి, కోశాధికారి, కార్యవర్గ సభ్యుల సంపూర్ణ సహకారంతో, దాతల ఔదార్యంతో నిర్వహించ తలపెట్టిన మహత్తర ఉచిత నేత్ర వైద్య శిబిరాన్ని ప్రజలందరూ సద్వినియోగం చేసుకోవాలని కోరడమైనది."

31 మాటలు. తేదీ, సమయం ఆఖరి పేరాలో, పేర్ల జాబితా తర్వాత. మందుల చీటీ మాట పోయింది. 'ఎవరైనా రావచ్చు' అన్నది కూడా పోయింది. వేరే మతంవాళ్లు రావాలా వద్దా అని తటపటాయించే చోట అన్నిటికన్నా విలువైన రెండు మాటలవి. ఎవరు తీసేశారని అడిగితే మేడమ్‌కి గుర్తులేదు. ఐదో ఫైలు వరకు ఉన్నాయి, ఆరో ఫైల్లో లేవు. ఎవరూ కావాలని తీసినట్టు లేదు. పేర్లకి చోటు కావాల్సి వచ్చింది, అంతే.

రాబర్ట్ మేగర్, పీటర్ పైప్ 1970లో శిక్షకుల ముందు పెట్టిన ప్రశ్న ఒకటుంది. మోటుగా ఉంటుంది కానీ ఇలాంటిచోట పనికొస్తుంది. ప్రాణం మీదికొస్తే ఈ పని ఆ మనిషి చేయగలడా? చేయగలిగితే నైపుణ్యం కొరత కాదు, శిక్షణ మందు కాదు. దాన్ని ఇక్కడ పరీక్షించి చూడాలనుకున్నాను. ముగ్గురికీ ఒక పాత కార్యక్రమం వివరాలిచ్చి, ఎవరికీ చూపించక్కర్లేదని చెప్పి 40 నిమిషాల్లో నోట్ రాయమన్నాను. మూడింటిలో రెండు యథాతథంగా అచ్చు వేసుకోవచ్చు. కుర్రాడిది అక్షర దోషాలు దిద్దితే చాలు.

వాళ్లకి రాయడం వచ్చు. రాసింది గది దాటి వెళ్లేసరికి బతకడం లేదు. ప్రతి నోట్ ఏడుగురి చేతుల మీదుగా వెళ్తోంది. ఆ ఏడుగురిలో ఒక్కరూ చదివి వదిలేయడం లేదు. చదివినట్టు గుర్తుండాలంటే ఏదో ఒకటి చేర్చాలి కదా.

నేను చేసిన పెద్ద తప్పు

ఇక్కడ ఆగి, ముందుగా ఎవరితో మాట్లాడాలో ఆలోచించాల్సింది. నేను నివేదిక రాశాను. ఎనిమిది ఫైళ్లనీ వరసగా పెట్టి, ఏ దశలో ఏం చెడిందో ఎర్ర గీతలతో చూపించి, సమస్య రాసేవాళ్లది కాదు ఆమోదించేవాళ్లదని తేల్చి కార్యదర్శికి పంపాను. విషయంలో తప్పు లేదు. పంపినప్పుడు నా మనసులో కొంచెం గెలిచినట్టు కూడా ఉంది.

నాలుగు రోజుల తర్వాత మేడమ్‌ని పిలిచి అడిగారు. "లోపలి కాయితాలు బయటివాళ్లకి ఎలా చూపించావు?" సంస్థలో ఇరవై ఏళ్లుగా ఉన్న మనిషి. ఆ ప్రశ్నకి ఆవిడ దగ్గర జవాబు లేదు, ఎందుకంటే నిజంగానే చూపించారు. నేను అడిగితే చూపించారు. అవి నివేదికలోకెక్కుతాయని ఆవిడకి నేను చెప్పలేదు. రెండు నెలలపాటు నన్ను రమ్మని ఎవరూ పిలవలేదు. ఆవిడని తిరిగి బడికి పంపే మాట కూడా నడిచిందట. ఆవిడ ఆ సంగతి నాకు చెప్పింది చాలా రోజుల తర్వాత.

కంపెనీలో అయితే ఇలాంటి నివేదిక మీద వాదన జరుగుతుంది. మత సంస్థలో పై అధికారి అధికారి మాత్రమే కాదు, చాలామందికి ఆయన గురువు, పెళ్లిళ్లు చేసినవాడు, కష్టంలో వచ్చి కూర్చున్నవాడు. ఆయన దిద్దుబాటు చెత్తగా ఉందని కాయితం మీద పెడితే అది భాష మీద విమర్శగా మిగలదు. ఇది నాకు తెలియని సంగతి కాదు. తెలిసీ పట్టించుకోలేదు.

పెద్దాయనతో మాట్లాడాక

మేడమ్‌కి, కార్యదర్శికి విడివిడిగా క్షమాపణ చెప్పుకుని, పెద్దాయనని కలవడానికి సమయం అడిగాను. నివేదిక గురించి ఎత్తలేదు. ఒక్కటే అడిగాను: "ఈ మొదటి వాక్యంలో దైవకృప మాట మీరు ఎందుకు చేరుస్తారు సార్? అది లేకపోతే మీకు ఏం తక్కువైనట్టు ఉంటుంది?"

ఆయన చాలాసేపు ఆలోచించి చెప్పారు. ఆ శిబిరం తాము పెట్టామని రాస్తే ఆయన దృష్టిలో అది అబద్ధం. చేయించినవాడు పైవాడు. ఆ మాట లేకుండా నోట్ వెళ్తే తాను దొంగ సంతకం పెట్టినట్టు అనిపిస్తుందట. మరి పేర్లో అంటే నవ్వారు. "పేరు లేకపోతే నాకేం కాదు. కోశాధికారి గారి పేరు మర్చిపోతే ఆయన రెండు నెలలు మీటింగ్‌కి రారు. ఆయన్ని తీసుకురావడానికి నేను వెళ్లాలి."

అప్పటిదాకా ఆ పొడుగు వాక్యం నాకు అహంకారంగా, చాదస్తంగా కనబడింది. నిజానికి అందులో రెండు నిజమైన అవసరాలున్నాయి. ఒకటి, ఆయన నమ్మిన సత్యం పట్ల నిజాయితీ. రెండోది, కలిసి పనిచేసేవాళ్లని నిలబెట్టుకోవడం. రెండూ లోపలివాళ్లకి సంబంధించినవే. వాటిని బయటివాళ్లకి వెళ్లే కాయితంలో తీర్చుకుంటున్నారు, ఎందుకంటే వేరే కాయితం లేదు. దాతల పత్రిక ఉంది కానీ దానిలోకీ అవే ప్రెస్‌నోట్లు యథాతథంగా ఎక్కుతున్నాయి. అందుకే అదీ ఎవరూ చదవడం లేదు.

కాబట్టి మాటలు తీసేయమని అడగలేదు. వాటికి చోటు చూపించాను. లోపలి పత్రికలో కృతజ్ఞత, పేర్లు, పెద్దాయన సందేశం ఎంతైనా ఉండొచ్చు. బయటి నోట్‌లో ఏం జరుగుతోంది, ఎప్పుడు, ఎక్కడ, ఎవరు రావచ్చు, డబ్బు కట్టాలా, ఎవరిని అడగాలి అన్నవే ఉంటాయి. చివర్లో సంస్థ ఎవరిదో, ఏ నమ్మకంతో ఈ పని చేస్తోందో చెప్పే రెండు వాక్యాలు ప్రతి నోట్‌లోనూ మార్పు లేకుండా వస్తాయి. వాటిని పెద్దాయనే రాయాలి. రాయడానికి ఆయన మూడు వారాలు తీసుకున్నారు. వచ్చాక చూస్తే ఆ ఏడాది ఆ సంస్థ నుంచి వచ్చినవాటన్నిటిలో మంచి తెలుగు అదే.

కార్యవర్గంలో ఒకాయన గట్టిగా అడ్డు చెప్పారు. "అయితే మన నమ్మకాన్ని ఆఖరి లైన్లో దాచుకోవాలా?" ఈ ప్రశ్న ప్రతి మత సంస్థలోనూ వస్తుంది, రావాలి కూడా. రెడ్‌క్రాస్, రెడ్ క్రెసెంట్ ఉద్యమమూ స్వచ్ఛంద సంస్థలూ విపత్తు సహాయానికి 1994లో పెట్టుకున్న ప్రవర్తనా నియమావళిని ఆయన ముందు పెట్టాను. అందులో పది సూత్రాలున్నాయి. మూడోది, సహాయాన్ని ఒక రాజకీయ లేదా మత దృక్పథాన్ని ముందుకు తోయడానికి వాడకూడదని చెబుతుంది. అదే సూత్రం కింద, సంస్థలకి తమ మతాభిప్రాయాలు కలిగి ఉండే హక్కు ఉందని కూడా ఉంది. సహాయం మాత్రం తీసుకునేవాళ్లు ఆ అభిప్రాయాన్ని ఒప్పుకోవడం మీద ఆధారపడకూడదు. అంటే దాచుకోనక్కర్లేదు, షరతుగా పెట్టకూడదు, అంతే. పదో సూత్రం మరీ సూటిగా మన పనికి సంబంధించింది. ప్రచారంలో, ప్రకటనల్లో బాధితుల్ని దిక్కులేనివాళ్లుగా కాదు, గౌరవం ఉన్న మనుషులుగా చూపాలంటుంది. వరద ఫొటో గొడవని మళ్లీ ఎత్తకుండానే అందరికీ అది గుర్తొచ్చింది.

దేవుడి పనికి ఈ శిక్షణలేంటి అన్న సణుగుడు కూడా వినబడింది. దానికి ఒక పాత సంగతి చెప్పాను. అమెరికాలో చర్చిల వార్తలు చూసుకునేవాళ్లు 1929లోనే ఒక వృత్తి సంఘం పెట్టుకున్నారు. తర్వాత అది ఇతర మతాలవారికీ తలుపులు తెరిచింది. ఈ పనిని నేర్చుకోవాల్సిన పనిగా చూడటం మొన్న మొదలైంది కాదు. ఆ మాటతో ఎంతమంది ఒప్పుకున్నారో గానీ సణుగుడు తగ్గింది.

ఎరుపు, నీలం

ఆమోదం విషయంలో ఏడుగురి నుంచి ఇద్దరికి దిగడం అన్నిటికన్నా కష్టమైంది. వివరాలు సరిగా ఉన్నాయా అని చూసేవాళ్లు ఒకరు, విశ్వాసానికి విరుద్ధంగా ఏమైనా ఉందా అని చూసేవాళ్లు ఒకరు. ఒకరి పని ఇంకొకరు చూడకూడదు. మామూలు నోట్‌కి ఒక రోజు గడువు, అత్యవసరమైతే మూడు గంటలు. గడువులో జవాబు రాకపోతే మేడమ్ పంపించేయొచ్చు. ఈ చివరి వాక్యం మీదే రెండు మీటింగులు నడిచాయి.

దిద్దేవాళ్లకి రెండు కలాలిచ్చాం. తప్పుంటే ఎరుపు. నచ్చకపోతే నీలం. ఎర్ర గీత పడితే మార్చి తీరాలి. నీలం గీత పడితే మార్చాలో లేదో రాసినవాళ్ల ఇష్టం. ఇది చాలా చిన్న పని, కానీ నా అనుభవంలో ఏ వర్క్‌షాప్ చేయనంత పని చేసింది. కలం తీసేముందు దిద్దేవాళ్లు తమని తాము ఒక ప్రశ్న వేసుకోవాల్సి వచ్చింది. మొదటి నెల అంతా ఎరుపే. ఒక నోట్‌లో 'చేస్తారు' అన్నదాన్ని 'నిర్వహించబడును' అని ఎర్ర కలంతో దిద్దారు. ఇందులో తప్పేముంది సార్ అని మేడమ్ వెళ్లి అడిగారు. ఆవిడ అలా వెళ్లి అడగడం అదే మొదటిసారి. ఆయన కాసేపు చూసి, నీలం కలం తీసుకుని ఎర్ర గీత మీద గీశారు.

శిక్షణ అవసరమైంది పెద్దలకేనని నాకు అప్పటికి స్పష్టంగా ఉంది, ఆ మాట పైకి అనకుండా ఒక సగం రోజు పెట్టాం. వాళ్ల పాత ప్రెస్‌నోట్‌నే వాళ్ల చేతికిచ్చి, మీరు విలేకరులు, పావుగంటలో నాలుగు లైన్ల వార్త రాయండి అన్నాం. ఒకాయన ఆ మొదటి వాక్యాన్ని పైకి చదవబోయి సగంలో ఊపిరి తీసుకోవడానికి ఆగారు. ఇంకొకాయన తేదీ ఎక్కడుందని పేజీ తిప్పి వెతికారు. నేను ఒక్క మాట మాట్లాడలేదు.

శిక్షణకి టైమ్ ఎవరిది

ఇవన్నీ జరిగాకే ముగ్గురికీ నిజమైన శిక్షణ మొదలైంది. వారానికి ఒక గంట, ఆ వారం బయటికెళ్లిన కాయితం మీదే. ఇక్కడ ఇంకో ముడి పడింది. ఆ గంట ఆఫీసు టైమ్‌లో ఉండకూడదన్నారు. సేవకి వచ్చినవాళ్లు కదా, సాయంత్రం ఉండి నేర్చుకోవచ్చు కదా అని.

సేవ అన్న మాటని నేను తేలిగ్గా తీసిపారేయను. మేడమ్ ఆ మాటని మనసారా నమ్మిన మనిషి. కానీ ఆ మాట అడ్డం పెట్టి జీతం, సెలవు, నేర్చుకునే సమయం అన్నీ మింగేస్తుంటే, కొన్నాళ్లకి సేవ చేయాలనుకున్నవాళ్లే అలసిపోయి వెళ్లిపోతారు. ఆసుపత్రిలో నర్సుకి కొత్త పరికరం నేర్పాలంటే డ్యూటీలోనే నేర్పుతారు కదా, ఇదీ అంతే అన్నాను. ఆ పోలిక కార్యదర్శికి ఎక్కింది. గంట ఆఫీసు టైమ్‌లోకి వచ్చింది.

ఫొటోల దగ్గర మాత్రం నేర్పింది నేను కాదు, కుర్రాడు. సరుకులిచ్చే వరసలో నిలబడి ఫొటో తీసుకోవచ్చా అని అడిగితే ఎవరైనా ఊ అంటారు సార్, ఒద్దంటే సరుకులివ్వరేమోనని భయం అన్నాడు. అనుమతి అడిగామని రిజిస్టర్‌లో రాసుకుంటున్నాం, అది అనుమతి కాదు. అతను చెప్పిన పద్ధతే నియమం చేశాం. సరుకులిచ్చే మనిషి ఫొటో అడగకూడదు. అడిగేది సరుకులు చేతికొచ్చి వరస దాటాక. తీసిన ఫొటో వాళ్లకి చూపించి, ఇది ఎక్కడెక్కడ కనబడుతుందో చెప్పి, అప్పుడు మళ్లీ అడగాలి. ఫొటోలు సగానికి తగ్గాయి. ఉన్నవాటిలో మనుషులు కెమెరా వైపు చూస్తున్నారు.

కొలత విషయం క్లుప్తంగా చెప్తాను. కార్యదర్శి వచ్చిన వార్తల్ని కాలమ్ సెంటీమీటర్లలో కొలిచి, ప్రకటన రేటుతో గుణించి లాభం లెక్కేసేవారు. ఆ లెక్క ప్రచారం విలువని చెప్పదని, ప్రచార ఫలితాన్ని ఎలా కొలవాలో ఈ వృత్తివాళ్లు 2010లో ఒప్పుకున్న బార్సిలోనా సూత్రాలు తేల్చాయి. దాని బదులు శిబిరానికి వచ్చినవాళ్లని మీకెలా తెలిసింది అని అడగడం మొదలుపెట్టాం.

రిజిస్ట్రేషన్ ఫారం

పన్నెండో నెలలో మళ్లీ పుకారు లేచింది. ఆసుపత్రిలో మీ మతమేంటని అడిగి వైద్యం చేస్తున్నారని వాట్సాప్‌లో ఒక మెసేజ్. రెండు గంటల్లో వందల ఫోన్లకి చేరింది. మొదటి మీటింగ్‌లో అందరూ అన్నది ఒకటే, ఇది దుష్ప్రచారం, ఖండించాలి.

మేడమ్ ఖండన రాయలేదు. ఆసుపత్రికి వెళ్లి రిజిస్ట్రేషన్ కిటికీ దగ్గర ఒక ఖాళీ ఫారం అడిగి తెచ్చారు. పేరు, వయసు, చిరునామా తర్వాత 'మతం' అని ఒక గడి ఉంది. ఎప్పుడో అచ్చు వేయించిన ఫారం. చాలామంది ఆ గడి ఖాళీగా వదిలేస్తారు, సిబ్బందీ పట్టించుకోరు. కానీ గడి అయితే ఉంది.

ఆ ఫారం తీసుకుని ఆవిడ మీటింగ్ గదిలోకి వెళ్లారు. ఖండిస్తే ఎవరో ఒకరు ఈ కాయితం ఫొటో పెడతారు సార్, ముందు దీన్ని తీయించండి, తర్వాత నేను రాస్తాను అన్నారు. ఒక సభ్యుడు, ఆ గడి వల్ల ఎవరికీ వైద్యం ఆగలేదు కదా, లేనిదాన్ని ఒప్పుకోవడం ఎందుకు అన్నారు. ఆవిడ, ఒప్పుకోమనడం లేదు సార్, ఉన్నది ఉన్నట్టు చెప్పమంటున్నాను అన్నారు. ఇది నేను ఆ గదిలో కూర్చుని విన్నాను. ఏడాది క్రితం ఇదే మనిషి తన డ్రాఫ్ట్‌లో రెండు మాటలు ఎవరు తీశారో కూడా అడగలేకపోయారు.

సాయంత్రానికి వెళ్లిన నోట్ ఇది: "మా ఆసుపత్రి పాత రిజిస్ట్రేషన్ ఫారంలో మతం అన్న గడి ఉంది. వైద్యానికి దాంతో ఎప్పుడూ సంబంధం లేదు. అయినా ఆ గడి అక్కడ ఉండకూడదు. ఈరోజు తీసేశాం. ఎవరినైనా ఆ వివరం అడిగితే ఈ నంబర్‌కి చెప్పండి." ఎర్ర గీతలు లేవు. నీలం ఒకటి పడింది, ఆఖరి వాక్యం మీద.

అన్నీ సర్దుకున్నాయని చెప్పను. ఒక పత్రిక 'మతం అడిగారు, ఒప్పుకున్న సంస్థ' అన్న అర్థం వచ్చేలా శీర్షిక పెట్టింది. కార్యవర్గంలో ఇద్దరు అదే చూపించి, చెప్పాం కదా అన్నారు. మెసేజ్ మాత్రం మూడో రోజుకి ఆగిపోయింది, ఎందుకంటే బయటపెట్టడానికి ఇంకేమీ మిగల్లేదు. ఆ వారమే ఒక విలేకరి ఏడాదిన్నర తర్వాత మొదటిసారి డెస్క్ సార్‌కి ఫోన్ చేశారు. వేరే వార్త గురించి.

ఇలాంటి కేసు మళ్లీ వస్తే

మొదట అచ్చయినవి అడగను, మొదటి డ్రాఫ్టులు అడుగుతాను. అదీ రాసినవాళ్లనీ పైవాళ్లనీ ఒకేచోట కూర్చోబెట్టి, అవి ఎక్కడికి వెళ్తాయో చెప్పి, ఇద్దరి అనుమతితో. శిక్షణ ఎవరికి కావాలని అడిగినవాళ్లు చూపించినవైపే చూడను. ఆమోదించేవాళ్లతో మాట్లాడకుండా వర్క్‌షాప్ తేదీ ఖాయం చేయను. చేరుస్తున్న ప్రతి మాటకీ వాళ్ల దగ్గర ఒక కారణం ఉంటుందనుకుని మొదలుపెడతాను. చాలాసార్లు ఉంటుంది.

నాకు ఇప్పటికీ తేలనిది ఒకటుంది. మేడమ్ ధైర్యం శిక్షణ వల్ల వచ్చిందా, లేక పద్ధతి మారాక అప్పటికే ఉన్నది బయటపడిందా? రెండోదే అనుకుంటాను. అదే అయితే నా వృత్తి గురించి నేను కొంత తగ్గి మాట్లాడాలి.

ఫొటోల కుర్రాడు పదమూడో నెలలో మానేశాడు. జీతం విషయంలో సంస్థ దిగిరాలేదు. అతను పెట్టిన ఫొటో నియమం మాత్రం గోడ మీద ఉంది. లోపలి పత్రికలో పేర్ల జాబితా నాలుగు పేజీలకి పెరిగింది. దాతలు అది చదువుతున్నారు, తమ పేరు ఉందో లేదో చూసుకోవడానికే అయినా. తలుపు మీద బోర్డు మార్చారు, ఇప్పుడు 'సమాచార విభాగం' అని ఉంది. పాత కార్యదర్శి పదవీకాలం అయిపోయింది. కొత్తాయన వచ్చి, ఆమోదం షీట్‌లో మూడో సంతకానికి ఒక గడి గీయించారు. దాని గురించి వచ్చే నెల కూర్చుంటున్నాం.